వరంగల్‌లో కూర్చుని దూరపు మీడియం వేవ్ స్టేషన్లు పట్టాలంటే: ఏ రేడియో, ఏ ఏరియల్?

పోయిన డిసెంబర్‌లో ఒక రాత్రి తొమ్మిది దాటాక మా వీధిలో కరెంటు పోయింది. మాది హనుమకొండలో డాబా ఇల్లు. సెల్లులతో నడిచే రేడియో పట్టుకుని పైకెక్కాను. పది నిమిషాల ముందు వరకు 720 కిలోహెర్ట్జ్ దగ్గర బుయ్యిమనే మోత తప్ప ఏమీ లేదు. ఇప్పుడు అక్కడే ఎవరో తమిళంలో మాట్లాడుతున్నారు, పక్క గదిలోంచి వినిపించినంత స్పష్టంగా. చెన్నై కేంద్రం. తిన్నగా గీత గీస్తే మనకు 550 కిలోమీటర్లు. కింది నుంచి మా నాయిన "ఏందిరా, చీకట్ల పైన ఏం జేస్తన్నవ్?" అని కేకేశాడు. "మద్రాసు అస్తాంది నాయినా" అన్నాను. ఆయన కూడా మెట్లెక్కి వచ్చి పిట్టగోడ మీద కూర్చున్నాడు. ఇరవై నిమిషాలు విన్నాం. కరెంటు వచ్చింది, వీధి లైట్లు వెలిగాయి, మద్రాసు పోయింది.

దూరపు స్టేషన్లు పట్టే ఈ హాబీలోకి కొత్తగా వచ్చినవాళ్లు మొదట అడిగేది "అన్నా, ఏ రేడియో కొనాలె?" అనే. ఆ రాత్రి నా చేతిలో ఉన్నది రోజూ వాడే రేడియోనే. కరెంటు పోవడంతో చుట్టూ ఉన్న కరెంటు సామాన్లు రేడియోలోకి తెచ్చే మోత ఆగింది, అంతే. అందుకే నన్ను అడిగితే ముందు మోత లేని చోటు చూసుకోవాలి, తర్వాత ఏరియల్, డబ్బు పెట్టి రేడియో కొనడం ఆ తర్వాతే. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ఖరీదైన సెట్టు కొని, దాన్ని టీవీ పక్కన పెట్టి, ఏమీ రావడం లేదని అటక మీదికెక్కిస్తారు.

రాత్రే ఎందుకు?

పగలు ఎండకు భూమికి 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో గాలి విద్యుదావేశం పొంది ఒక పొరలా ఉంటుంది. డి పొర అంటారు. మీడియం వేవ్ తరంగాలు పైకి వెళ్తే ఇది మింగేస్తుంది. కాబట్టి పగలు మనకు వచ్చేది నేలను అంటుకుని వచ్చే తరంగమే. పొద్దుగూకగానే ఆ పొర దాదాపు లేకుండా పోతుంది. తరంగాలు ఇంకా పైకి వెళ్లి, పై పొరలకు తగిలి, వందల కిలోమీటర్ల అవతల కిందికి దిగుతాయి. అందుకే స్టేషన్ ఒకసారి ఉబికి వచ్చి, మళ్లీ సన్నగిల్లి, మళ్లీ వస్తుంది. రేడియో చెడిపోలేదు, దూరం నుంచి వస్తున్న స్టేషన్ లక్షణమే అది.

మనకు మంచి కాలం నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. ఎండాకాలంలో, వానల ముందు ఎక్కడో ఉరిమినా ఇక్కడ చిటపట వినిపిస్తుంది. మే నెలలో రేడియో కొని నిరాశపడినవాళ్లు చలికాలం దాకా ఆగండి.

మీ ఇల్లు ఎంత మోత చేస్తుందో ముందు తేల్చుకోండి

పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. ఇంట్లో ఉన్న ఏదో ఒక రేడియోలో సెల్లులు వేసి, మీడియం వేవ్‌లో ఏ స్టేషనూ లేని చోట పెట్టండి. గది గదికీ తిరగండి. ఎల్‌ఈడీ బల్బు కింద, ఫోన్ చార్జర్ పక్కన, ఇన్వర్టర్ దగ్గర, వైఫై డబ్బా దగ్గర గరగర ఎలా పెరుగుతుందో చెవితోనే తెలుస్తుంది. తర్వాత మెయిన్ ఆఫ్ చేసి మళ్లీ వినండి. మోత సగానికి పైగా తగ్గితే దొంగ మీ ఇంట్లోనే ఉన్నాడు, పట్టుకోవచ్చు. మా ఇంట్లో అది పూజగదిలోని చిన్న ఎల్‌ఈడీ దీపాల దండ. మెయిన్ ఆపినా మోత తగ్గకపోతే అది పక్కింటిదో, వీధి స్తంభానిదో అయి ఉంటుంది. అలాంటి ఇంట్లో కూర్చుని ఎంత గొప్ప రేడియో కొన్నా ప్రయోజనం తక్కువ.

నేను పెట్టుకున్న కొలత ఇంకోటి ఉంది. మధ్యాహ్నం 738 మీద హైదరాబాద్ రావడం పెద్ద విషయం కాదు. అది 200 కిలోవాట్ల స్టేషన్, దూరం సుమారు 135 కిలోమీటర్లే. మధ్యాహ్నమే 837 మీద విజయవాడ మాటలు అర్థమయ్యేలా వినిపిస్తే మీ చోటు మంచిది. అది 100 కిలోవాట్లు, దూరం సుమారు 200 కిలోమీటర్లు.

కాజీపేట జంక్షన్ పక్కన, రైలు పట్టాల పైన వైర్లున్న చోట నేనైతే ప్రయత్నించను. 25 వేల వోల్టుల లైన్ కింద రైలు పోయిన ప్రతిసారీ చెవులు చిల్లులు పడతాయి. అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లకు గదిలో కన్నా టెర్రస్ మీద, లిఫ్ట్ మోటారుకు దూరంగా కూర్చుంటే తేడా వెంటనే తెలుస్తుంది. అన్నిటికన్నా మంచిది ఊళ్లో పొలం గట్టు. నర్సంపేట దాటి పాకాల వైపు వెళ్తే చుట్టూ చెట్లే, ఇళ్లు తక్కువ. అక్కడ నా చిన్న రేడియో ఇచ్చిన ఫలితం ఇంట్లో ఏ సెట్టూ ఇవ్వలేదు. ఊళ్లోనూ బావి మోటారు స్టార్టర్లకు, ట్రాన్స్‌ఫార్మర్‌కు వంద గజాలైనా ఎడం ఉండాలి.

ఇక రేడియోలు

పాత ట్రాన్సిస్టర్ ఇంట్లో ఉంటే దాంతోనే మొదలుపెట్టండి. మర్ఫీ, బుష్, ఫిలిప్స్ అని పెద్దవాళ్లు జాగ్రత్తగా దాచిన టేబుల్ సెట్లలో చాలావాటికి లోపల జానెడు పొడవు ఫెర్రైట్ రాడ్, అంటే తీగ చుట్టిన నల్లటి కడ్డీ ఉంటుంది. మీడియం వేవ్‌కు అసలు ఏరియల్ అదే. పైకి లాగే కడ్డీ ఎఫ్‌ఎంకు, షార్ట్ వేవ్‌కు మాత్రమే. రాడ్ ఎంత పొడవు, ఎంత లావు ఉంటే అంత ఎక్కువ సిగ్నల్. అందుకే గుప్పిట్లో పట్టే కొత్త రేడియో కన్నా ముప్పై ఏళ్ల నాటి పెద్ద సెట్టు చాలాసార్లు ఎక్కువ స్టేషన్లు పట్టుకొస్తుంది. గొంతు కూడా నిండుగా ఉంటుంది.

వీటి కష్టం రెండు చోట్ల. ముల్లు ఎక్కడుందో సరిగ్గా తెలియదు. 720 అనుకున్నది 738 కావచ్చు. బలమైన స్టేషన్ పక్కన ఉన్న బలహీనమైనదాన్ని విడదీయలేవు. మరమ్మతుకు ఇచ్చేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. నేను ఒక షాపులో సెట్టు ఇస్తే వాల్యూమ్ బాగుచేశారు గానీ, పని చేస్తుండగా విరిగిన రాడ్‌ను సగం ముక్కతోనే బిగించి ఇచ్చేశారు. ఇంటికొచ్చాక హైదరాబాద్ తప్ప ఏదీ రాలేదు. ఇచ్చే ముందు వెనక మూత తీసి ఫోటో తీసుకోండి, తెచ్చుకునేటప్పుడు మళ్లీ మూత తీసి చూడండి.

వాల్వు సెట్ల గురించి ఒక్క మాట. చూడటానికి, వినడానికి అందంగా ఉంటాయి. కానీ చాలావరకు ఇంటి కరెంటుతోనే నడవాలి, అంటే ఇంటి మోతంతా అందులోకి వస్తుంది. లోపల ప్రాణాంతకమైన వోల్టేజీ ఉంటుంది. నేర్చుకునేవాళ్లకు నేను చెప్పను.

చేతిలో ఇమిడే డిజిటల్ పోర్టబుల్ రెండో దారి. టెక్‌సన్ పీఎల్-310ఈటీ, పీఎల్-380, పీఎల్-330 లాంటివి. వీటిలో సిగ్నల్‌ను అంకెలుగా మార్చి వడపోసే చిప్ ఉంటుంది. ఫ్రీక్వెన్సీ అంకెల్లో కనబడుతుంది కాబట్టి విన్నది ఏ స్టేషనో వెతుక్కోవడం సులువు. వీటి అసలు బలం బ్యాండ్‌విడ్త్, అంటే రేడియో ఒకేసారి లోపలికి తీసుకునే ఫ్రీక్వెన్సీల వెడల్పు, మార్చుకోవడం. పీఎల్-310ఈటీలో 6 కిలోహెర్ట్జ్ నుంచి 1 దాకా తగ్గించుకోవచ్చు. వెడల్పుగా పెడితే పాట బాగుంటుంది, సన్నగా పెడితే పక్క స్టేషన్ బెడద పోతుంది, మాట మాత్రం ముక్కుతో మాట్లాడినట్టు వస్తుంది. ఒకటి రెండు వారాల్లో చెవి అలవాటు పడుతుంది. పీఎల్-330లో పాత నోకియా ఫోన్లలో వేసిన బీఎల్-5సీ బ్యాటరీ సరిపోతుంది, కాబట్టి ఒకటి అదనంగా జేబులో వేసుకుని పొలానికి వెళ్లొచ్చు.

కొనేముందు తప్పక చూడాల్సింది 9 కిలోహెర్ట్జ్ అడుగు (స్టెప్). మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్లన్నీ 531 నుంచి 1602 దాకా తొమ్మిదేసి ఎడంతో ఉంటాయి. ఏ ఫ్రీక్వెన్సీ అయినా తొమ్మిదితో తెగుతుంది. అమెరికా కోసం చేసిన సెట్లు పదేసి ఎడంతో గెంతుతాయి. 9కి మార్చే సెట్టింగ్ ఉందో లేదో అమ్మేవాళ్లను అడిగి తేల్చుకోండి. నేను అడక్కుండా తెప్పించుకున్న మొదటి సెట్టు 730 నుంచి 740కి గెంతింది. 738 పట్టాలంటే ప్రతిసారీ చేత్తో ఒక్కొక్కటి జరపాల్సి వచ్చింది. పది రోజులకే విసుగొచ్చి ఇచ్చేశాను.

మూడోది ల్యాప్‌టాప్‌కు తగిలించే ఎస్‌డీఆర్ డాంగిల్, అంటే సాఫ్ట్‌వేర్‌తో నడిచే చిన్న రేడియో. స్టేషన్లన్నీ తెర మీద పక్కపక్కన గీతల్లా కనిపిస్తాయి. ఏది ఎప్పుడు లేచింది, ఏది ఎప్పుడు పడింది చూపులోనే తెలుస్తుంది. మీడియం వేవ్ మొత్తం వెడల్పు 1.1 మెగాహెర్ట్జ్ లోపే కాబట్టి, మామూలు ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ కూడా బ్యాండ్ మొత్తాన్ని ఒకేసారి రికార్డ్ చేయగలదు. తెల్లవారుజామున రికార్డింగ్ పెట్టి, ఆదివారం తీరిగ్గా కూర్చుని ఒక్కో ఫ్రీక్వెన్సీ వినొచ్చు. సెకనుకు 24 లక్షల నమూనాలతో పెడితే గంటకు 17 జీబీ దాకా డిస్క్ తింటుంది, చూసుకోండి.

ఇంత సుఖం ఉన్నా మొదటి రేడియోగా దీన్ని నేను చెప్పకపోవడానికి కారణాలున్నాయి. డాంగిల్‌లో ఫెర్రైట్ రాడ్ ఉండదు, ఏరియల్ విడిగా కావాలి. ల్యాప్‌టాప్ చార్జరే పెద్ద మోత. బ్యాటరీ మీదే నడపాలి. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ వీ3 రకంలో మీడియం వేవ్ కోసం డైరెక్ట్ శాంప్లింగ్ (సిగ్నల్‌ను నేరుగా అంకెలుగా మార్చడం) అనే సెట్టింగ్ పెట్టాలి. అది సిగ్నల్‌ను ఎనిమిది బిట్లతోనే కొలుస్తుంది కాబట్టి హైదరాబాద్ లాంటి బలమైన స్టేషన్ మీద పడితే ఉక్కిరిబిక్కిరై, లేని చోట్ల కూడా ఆ స్టేషన్‌నే చూపిస్తుంది. వీ4లో ఫ్రీక్వెన్సీని పైకి మార్చే ఏర్పాటు లోపలే ఉంది కాబట్టి ఆ సెట్టింగ్ అక్కర్లేదు. ఎయిర్‌స్పై హెచ్ఎఫ్ ప్లస్ డిస్కవరీ అనే ఇంకో ఎస్‌డీఆర్ అయితే ఈ పనికి చాలా మేలు, ధర కూడా దానికి తగ్గట్టే. హాబీ నిలబడుతుందని తేలాక ఆలోచించండి.

ఇంటర్నెట్‌లో కివీఎస్‌డీఆర్ పేరుతో ఎవరెవరో తమ రిసీవర్లను అందరికీ తెరిచి పెట్టారు. ఫోన్‌లోనే తిప్పి వినొచ్చు. మీరు అస్పష్టంగా విన్నది ఏ స్టేషనో సరిచూసుకోవడానికి మంచి సాధనం. అక్కడ విన్నదాన్ని మాత్రం, పట్టిన స్టేషన్లు రాసుకునే మీ నోట్‌బుక్‌లో రాసుకోకండి. అది మీ ఏరియల్‌కు వచ్చింది కాదు.

హైదరాబాద్‌ను పక్కకు తప్పించడం

రేడియో కన్నా ఏరియల్ ముందని ఎందుకు అంటున్నానో ఈ ఒక్క ఉదాహరణ చాలు. మనకు 738 మీద హైదరాబాద్ కొండలా కూర్చుని ఉంటుంది. దానికి ఇటు 720లో చెన్నై, అటు 756లో జగదల్‌పూర్. రెండూ 18 కిలోహెర్ట్జ్ దూరమే.

ఫెర్రైట్ రాడ్‌కు ఒక గుణం ఉంది. దాని రెండు మొనలు ఏ దిక్కుకు చూస్తాయో ఆ దిక్కు నుంచి వచ్చే స్టేషన్ దాదాపు మాయమవుతుంది. రాడ్‌కు అడ్డంగా వచ్చేది బాగా వినిపిస్తుంది. హైదరాబాద్ మనకు పడమర, కొంచెం నైరుతి వైపు. రేడియోను బల్ల మీద పెట్టి 738లోనే ఉంచి నెమ్మదిగా తిప్పండి. ఒకచోట శబ్దం ఒక్కసారిగా గోతిలో పడ్డట్టు తగ్గుతుంది. అక్కడ చేయి తీసేయండి. ఇప్పుడు 720కి మార్చండి. చెన్నై మనకు దాదాపు దక్షిణం, అంటే రాడ్‌కు దాదాపు అడ్డంగా. హైదరాబాద్ నొక్కుకుపోయింది, చెన్నై మిగిలింది. డబ్బు ఖర్చు లేదు, అరచేతి పని.

అదే పనిని 756 కోసం చేస్తే బెడిసికొడుతుంది. జగదల్‌పూర్ మనకు ఈశాన్యంలో, సుమారు 280 కిలోమీటర్లు. మ్యాప్ మీద స్కేలు పెట్టి చూడండి: హైదరాబాద్, వరంగల్, జగదల్‌పూర్ దాదాపు ఒకే గీత మీద ఉంటాయి. రాడ్ మొనను హైదరాబాద్ వైపు తిప్పితే రెండో మొన జగదల్‌పూర్ వైపు ఉంటుంది. రెండూ కలిసి పోతాయి. ఇక్కడ తిప్పుడు పనికిరాదు, సన్నని బ్యాండ్‌విడ్త్ కావాలి. అంటే 720కి మీ తాతగారి ట్రాన్సిస్టర్ చాలు, 756కి డిజిటల్ పోర్టబుల్ ఉండాలి. ఏ రేడియో కొనాలో తేల్చేది మీరు పట్టాలనుకునే స్టేషన్, అది ఉన్న దిక్కు.

ఇంకొంచెం బలం కావాలంటే లూప్ కట్టుకోండి. మూడడుగుల వెదురు బద్దలు రెండు తీసుకుని గాలిపటానికి కట్టినట్టు అడ్డంగా కట్టండి, రెండూ సమానంగా. నాలుగు కొసల మీదుగా పది పదకొండు చుట్లు తీగ చుడితే ఒక్కో వైపు రెండడుగుల చతురస్రం వస్తుంది. చుట్టుకూ చుట్టుకూ మధ్య అర సెంటీమీటరు ఎడం ఉంచండి. తీగ ముప్పై మీటర్లు కొంటే మిగులుతుంది. రెండు కొసలను పాత రేడియోలోంచి తీసిన గ్యాంగ్‌కు, అంటే స్టేషన్ మార్చడానికి తిప్పే కెపాసిటర్‌కు కలపండి. స్క్రాప్ రేడియో దొరికితే గ్యాంగ్ కోసమే కొన్నా తప్పులేదు. గ్యాంగ్ తిప్పుతూ పోతే 531 దాకా అందకపోతే ఒక చుట్టు పెంచండి, 1602 అందకపోతే ఒకటి తీసేయండి. రేడియోకూ దీనికీ మధ్య వైరు అక్కర్లేదు. లూప్ నిలబెట్టి, రాడ్ దానికి లంబంగా ఉండేలా రేడియోను పక్కన పెట్టి, గ్యాంగ్ తిప్పితే ఒకచోట స్టేషన్ ఒక్కసారిగా పొంగుతుంది. మొదటిసారి అది విన్నప్పుడు నాకు గుండె ఆగినంత పనైంది. రెండింటినీ కలిపి తిప్పితే దిక్కు కూడా మారుతుంది. లూప్ అంచు స్టేషన్ వైపు చూడాలి.

మన ఊరికి ఒక అనుకూలం ఉంది. అంచును ఉత్తర దక్షిణాలుగా పెడితే 585 మీద నాగ్‌పూర్, 720 మీద చెన్నై, 882 మీద శ్రీలంకలోని పుత్తలం నుంచి ట్రాన్స్ వరల్డ్ రేడియో, అన్నీ ఒకే గీతలో పడతాయి. పుత్తలం మనకు 1,100 కిలోమీటర్లు. దాని పక్కనే 900 మీద కడప ఉంది, అదీ దక్షిణమే కాబట్టి అక్కడ మళ్లీ సన్నని బ్యాండ్‌విడ్త్ అవసరం. 927 మీద విశాఖపట్నం కావాలంటే లూప్‌ను తూర్పు పడమరలకు తిప్పాలి.

పొడవాటి తీగ ఏరియల్ గురించి కూడా అడుగుతారు. పట్నంలో అది మోతను కూడా అంతే బలంగా మోసుకొస్తుంది, దిక్కు చూపదు. పొలంలో అయితే బాగుంటుంది. వాన మబ్బు కనబడితే తీగను రేడియో నుంచి ఊడదీసి బయట పడేయాలి. ఇందులో బద్ధకం వద్దు.

నా ఎంపిక

చదువుకునే పిల్లలకు, చేతిలో డబ్బు లేనివాళ్లకు ఇంట్లో ఉన్న పాత సెట్టు, వెదురు లూప్. ఒక సీజన్ హాయిగా గడుస్తుంది. నెల జీతంలోంచి ఒక్క వస్తువు మాత్రమే కొనగలిగేవాళ్లు 9 కిలోహెర్ట్జ్ అడుగున్న డిజిటల్ పోర్టబుల్ తీసుకుని, లూప్ మాత్రం చేత్తో కట్టుకోండి. ఇప్పటికీ రోజూ నేను వాడేది ఈ జతే. ఊళ్లో మోత లేని ఇల్లు, ల్యాప్‌టాప్, ఓపిక మూడూ ఉన్నవాళ్లకు ఎస్‌డీఆర్ నిజంగా పండగ. అపార్ట్‌మెంటు మధ్య అంతస్తులో ఉండి మోత తగ్గించే దారి లేనివాళ్లు ఎస్‌డీఆర్ మీద పెట్టే డబ్బును బస్సు చార్జీలకు దాచుకుని, నెలకోసారి సొంత ఊరికి రేడియో పట్టుకెళ్లండి.

ఆలస్యం మాత్రం చేయకండి. ఆకాశవాణి మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను ఒక్కొక్కటిగా ఆపుతూ ఎఫ్‌ఎం వైపు జరుగుతోంది. పైన చెప్పిన వాటిలో ఏదైనా మీరు వెతికే రాత్రికి మౌనంగా ఉండొచ్చు. కొన్నిచోట్ల మాటకు బదులు జలపాతంలా హోరు వినిపిస్తుంది. అది డీఆర్‌ఎం అనే డిజిటల్ ప్రసారం, మామూలు రేడియోకు అర్థం కాదు. దాన్ని మీ ఇంటి మోత అనుకుని దీపాలు ఆర్పుకుంటూ తిరగకండి.

కొత్త సెట్టు వచ్చిన మర్నాడు తెల్లవారుజామున ఐదు ముప్పావుకు లేవండి. చలికాలంలో మనకు ఆరున్నర దాటాకే పొద్దు పొడుస్తుంది కాబట్టి దూరపు స్టేషన్లు ఇంకా వస్తూనే ఉంటాయి. ఆరుకు కొద్ది నిమిషాల ముందు ఆకాశవాణి కేంద్రాలు ఒక్కొక్కటిగా గొంతు విప్పుతాయి. 1930ల్లో వాల్టర్ కౌఫ్‌మన్ అనే సంగీతకారుడు కట్టిన ఆ పరిచయ రాగం, తర్వాత వందేమాతరం. ఒకే ఫ్రీక్వెన్సీలో రెండు కేంద్రాలుంటే ఆ రాగం రెండుసార్లు, కొన్ని సెకన్ల తేడాతో వినిపిస్తుంది. ఆ తర్వాత కేంద్రం పేరు చెబుతారు. పెన్ను చేతిలో ఉంచుకోండి. తేదీ, టైము, ఫ్రీక్వెన్సీ, భాష, రేడియో ఏ దిక్కుకు తిప్పి ఉంది, ఇంట్లో కరెంటు ఉందా లేదా. ఈ చివరిది నా నోట్‌బుక్‌లో విడిగా ఒక గడి.